లివర్‌లో కొవ్వు... బల్ల ఎందుకు పెరిగింది?

ప్రశ్న: మావారికి 44 ఏళ్లు. సొంతూరు ఉట్నూరు దగ్గర. ఉద్యోగరీత్యా కరీంనగర్‌లో ఉంటున్నాం. కడుపు ఉబ్బరంగా ఉందంటే డాక్టరు స్కానింగ్ చేయించారు. ఫ్యాటీ లివర్ గ్రేడ్-1, ప్లీహం 14.5 సెంటీమీటర్లు అని వచ్చింది. ఆయనకు మందు అలవాటు లేదు. అయినా బంధువులు అనుమానంగా చూస్తున్నారు. కొవ్వు తగ్గితే ప్లీహం కూడా మామూలవుతుందా?
- ఓ పాఠకురాలు, కరీంనగర్

జవాబు: మందు ముట్టనివారికీ ఫ్యాటీ లివర్ వస్తుంది. బొజ్జ, షుగరు, రక్తంలో ట్రైగ్లిజరైడ్లు పెరగడం దీనికి ప్రధాన కారణాలు. కాబట్టి రిపోర్టు చూసి ఆయన్ని అనుమానించాల్సిన పనిలేదు.

ఇక ప్లీహం సంగతి. ఇది పెరగడాన్నే పల్లెల్లో 'బల్ల' అంటారు. పెద్దల్లో దీని పొడవు సాధారణంగా 12 సెంటీమీటర్ల లోపు ఉంటుంది. పొడగరుల్లో కాస్త ఎక్కువ ఉండొచ్చు. ప్లీహం నుంచి వచ్చే రక్తం పోర్టల్ సిర ద్వారా లివర్‌లోకే వెళ్తుంది. లివర్ గట్టిపడి సిరోసిస్‌గా మారితే ఆ దారి ఇరుకవుతుంది. కాలువకు అడ్డం పడితే నీళ్లు వెనక్కి ఎగదన్నినట్టు రక్తం వెనకే నిలిచి ప్లీహం ఉబ్బుతుంది. ఒట్టి కొవ్వు దశలోనూ ప్లీహం కొద్దిగా పెరగొచ్చు. కానీ మీవారికి వచ్చిన కొలతను కొవ్వు ఖాతాలో వేసి ఊరుకోకూడదు. రెండు విషయాలు తేల్చుకోవాలి.

మొదటిది, లివర్ గట్టిపడిందా అన్నది. స్కానింగ్‌లో రాసే గ్రేడ్ కొవ్వు ఎంతుందో చెబుతుందే తప్ప లివర్ ఎంత గట్టిపడిందో చెప్పదు. అందుకు ప్లేట్‌లెట్లు, లివర్ ఎంజైములు, ఫైబ్రోస్కాన్ చూడాలి. ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే తగ్గితే జాగ్రత్తపడాలి.

రెండోది, మీవారి సొంతూరు. ఆదిలాబాద్ ఏజెన్సీలో మలేరియా పాత శత్రువు. 19వ శతాబ్దంలోనే మన దేశంలో వైద్యులు పిల్లల పొట్ట తడిమి, ఎందరికి ప్లీహం పెరిగిందో లెక్కగట్టి ఊళ్లో మలేరియా తీవ్రతను అంచనా వేసేవారు. గోండు, కొలాం వంటి గిరిజనుల్లో సికిల్ సెల్ జబ్బు కూడా ఉంది. మన దేశంలో ఈ రోగుల్లో కొందరికి పెద్దయ్యాక కూడా ప్లీహం పెద్దదిగానే ఉండిపోతుంది. తలసీమియా, కొన్ని రక్తజబ్బుల్లోనూ ఇది పెరుగుతుంది. అందుకే రక్తపరీక్ష, మలేరియా పరీక్షతో పాటు హెచ్‌పీఎల్‌సీ అనే హిమోగ్లోబిన్ పరీక్ష కూడా అవసరమేమో డాక్టర్ని అడగండి. సికిల్ సెల్ అని తేలితే పిల్లలకూ పరీక్ష చేయించాలి. సికిల్ సెల్ ఉన్న పిల్లల్లో ప్లీహం ఒక్కసారిగా ఉబ్బి ఒళ్లు పాలిపోతే గంటల్లో ప్రాణం మీదికొస్తుంది. 2023లో మొదలైన జాతీయ సికిల్ సెల్ నిర్మూలన మిషన్‌లో 40 ఏళ్లలోపు వారికి పరీక్షలు చేస్తున్నారు.

కొవ్వు మాటకొస్తే... బరువు ఎక్కువుంటే అందులో 7 నుంచి 10 శాతం తగ్గినా లివర్‌లో కొవ్వు, వాపు తగ్గుతాయి. రోజూ అరగంటకు తక్కువ కాకుండా చురుగ్గా నడవాలి. అన్నం తగ్గించి పప్పు, కూరలు పెంచాలి. కూల్‌డ్రింకులు మానాలి. బల్ల కరుగుతుందని పొట్ట మీద వాతలు పెట్టించడం, గట్టిగా తోమించడం, పసరు మందులు తాగించడం వద్దు. పెరిగిన ప్లీహానికి దెబ్బ తగిలితే చిట్లే ప్రమాదముంది.

రక్తపు వాంతి, నల్లటి విరేచనం, పొట్టలో నీరు, కళ్లు పచ్చబడటం, మాట తడబడటం... వీటిలో ఏది కనిపించినా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి.