తరుగు లెక్కకు ఆధారమేది?

"తేమ ఎక్కువుంది, 5 శాతం తరుగు" అనగానే శ్రీకూర్మం రైతు తల ఊపరాదు. ధాన్యం తూకం ఒక్కటే తెలిస్తే ఆ లెక్క తేలదు. యంత్రం చూపిన తేమ ఎంతో కూడా తెలియాలి.

ప్రభుత్వ కొనుగోలుకు తేమ పరిమితి 17 శాతం. తేమ 20 ఉంటే 100 కిలోల ధాన్యంలో నీరు 20, పొడిగింజ 80 కిలోలు. 17 శాతానికి ఆరితే ఆ పొడిగింజ నూటికి 83 వంతులవుతుంది. అప్పుడు తూకం సుమారు 96 కిలోల 400 గ్రాములు. అంటే తరుగు 3 కిలోల 600 గ్రాములే. తేమ 18 అయితే కిలో 200 గ్రాములే. 5 కిలోలు ఎక్కడివి?

"ఇచ్చిన వివరాలు చాలునా?" అని బ్యాంకు పరీక్షల్లో మన పిల్లలను అడుగుతారు. కళ్లంలో రైతూ అదే అడగాలి. తేమ అంకె చీటీలో రాయనిదే తరుగుకు ఒప్పుకోరాదు.