ఆపరేషన్ గదిలో తొందర తగదు

2022 ఆగస్టు 25న మన జిల్లాలోని ఇబ్రహీంపట్నం ప్రభుత్వాసుపత్రిలో ఒకే రోజున 34 మంది స్త్రీలకు కు.ని. ఆపరేషన్లు చేశారు. రోజుల వ్యవధిలోనే నలుగురు మరణించారు. మిగిలిన వారిని హైదరాబాదుకు తరలించవలసి వచ్చింది. క్రిములు సోకడమే కారణమని విచారణలో తేలింది. బాధ్యులపై చర్యలు తీసుకున్నారు. అంతటితో ఆ సంగతి మరచిపోవడం క్షేమం కాదు.

పొట్టపై చిన్న గాటు పెట్టి గొట్టంతో చేసే ఈ ఆపరేషన్‌కు వాడే పరికరం లాపరోస్కోపు. ఒకరికి వాడాక దానిని శుభ్రంగా కడిగి, గ్లుటరాల్డిహైడ్ ద్రావణంలో కనీసం 20 నిమిషాలు నానబెట్టి, క్రిమిరహితమైన నీటితో తిరిగి కడిగిన తర్వాతే మరొకరికి వాడాలి. ఒకే గొట్టంతో పది మందికి చేయాలంటే నానబెట్టడానికే మూడు గంటల ఇరవై నిమిషాలు కావాలి. మూడు లాపరోస్కోపులున్న బృందమైనా రోజుకు 30కి మించి చేయరాదని కేంద్ర ప్రభుత్వ మార్గదర్శకాలు చెబుతున్నది ఇందుకే. వరండాలో జనం ఎదురు చూస్తున్నారని ఆ 20 నిమిషాలను పదికి కుదించే హక్కు ఎవరికీ లేదు.

గది సంగతీ అంతే. మనిషి ఒంటినుంచి రాలే పొట్టు, మాట్లాడేటప్పుడు పడే తుంపరలు క్రిములను మోసుకొస్తాయి. తలుపు తెరిచిన ప్రతిసారీ వరండా గాలి లోపలికి చొరబడుతుంది. ఆపరేషన్ గదిలో గంటకు 15 నుంచి 20 సార్లు వడగట్టిన గాలి మారాలన్నది నిపుణుల ప్రమాణం. గోడకు బిగించిన మామూలు ఎ.సి. ఆ పని చేయదు. ఉన్న గాలినే తిప్పి చల్లబరుస్తుంది. ఇక ఫార్మలిన్ పొగపై మన ఆసుపత్రుల్లో ఉన్న నమ్మకం ఇంతా అంతా కాదు! నేల, బల్ల, దీపం సబ్బునీటితో కడిగి మందుతో తుడవకుండా ఎంత పొగ పెట్టినా ప్రయోజనం లేదు.

బంధువులు కూడా తలుపు తోసుకుని తొంగిచూడటం, చెప్పులతో లోపలికి వెళ్లడం మానాలి. ఆపరేషన్ జరిగిన తర్వాత జ్వరం, కడుపునొప్పి, వాంతులు కనిపిస్తే తెల్లారేదాకా ఆగకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఆపరేషన్లు జరిగే రోజున పనిచేసే లాపరోస్కోపులు ఎన్ని, పేర్లు నమోదైన వారు ఎందరు అన్నది ఆసుపత్రి ముందు బోర్డుపై రాసిపెట్టేలా జిల్లా వైద్యాధికారులు వెంటనే ఆదేశాలివ్వాలి. అది రాయడానికి ఒక సుద్దముక్క చాలు.