రైట్ క్లిక్ వెతుకులాట: ఆ నాలుగు లైన్లు మనమే రాసుకుందాం

పేజీలో ఒక మాటని సెలెక్ట్ చేసి రైట్ క్లిక్ కొడితే "గూగుల్‌లో వెతుకు" అని ఒక వరుస కనిపిస్తుంది. క్రోమ్‌లోనైనా, మంటనక్కలోనైనా (అదేనండీ, ఫైర్‌ఫాక్స్) ఇదే కథ. సౌకర్యంగానే ఉంటుంది కానీ, అన్ని మాటలూ ఒకే చోటికి పోవాల్సినవి కావు కదా! ఎర్రర్ మెసేజ్ అయితే స్టాక్ ఓవర్‌ఫ్లోకి పోవాలి. తెలుగు మాటకి అర్థం కావాలంటే విక్షనరీకి పోవాలి.

దీనికి మనవాళ్ళు చేసే పని, స్టోరులో దొరికిన మొదటి ఎక్స్‌టెన్షన్ దించేసుకోవడం. "అన్ని వెబ్‌సైట్లలోనూ మీ డేటాని చదవడానికి, మార్చడానికి" అనుమతి అడిగినా ఓకే కొట్టేస్తాం. ఎందుకండీ అంత అనుమతి? మెనూ నొక్కగానే సెలెక్ట్ చేసిన మాటని బ్రౌజరే దాని చేతిలో పెడుతుంది. దానికి కాంటెక్స్ట్ మెనూ అనుమతి ఒక్కటి చాలు. కొత్త ట్యాబ్ తెరవడానికి అసలు ఏ అనుమతీ అక్కర్లేదు. ఒక మాట వెతకడానికి మీ బ్యాంకు పేజీ చదవాల్సిన పనేంటి?

"ఓపెన్ సోర్సే కదా, లక్షలమంది వాడుతున్నారు కదా" అంటారా? ద గ్రేట్ సస్పెండర్ కూడా అలాంటిదే. 2020లో అది చేతులు మారింది. 2021 ఫిబ్రవరిలో మాల్వేర్ ఉందంటూ గూగుల్ దాన్ని స్టోరులోంచి తీసేసింది. జనం నమ్మి అనుమతి ఇచ్చింది పాత యజమానికి, వాడుకున్నది కొత్తవాడు.

అందుకే నేననేది, ఇంత చిన్న పనిముట్టు మనమే రాసుకుందామని. ఒక మానిఫెస్ట్ ఫైలు, ఒక జావాస్క్రిప్ట్ ఫైలు, అంతే. సైట్ల చిరునామాలు ఒక జాబితాగా పెట్టుకుని, మాటని అందులో అతికించి ట్యాబ్ తెరవడమే. క్రోమ్‌లో డెవలపర్ మోడ్ ఆన్ చేసి ఫోల్డర్ చూపిస్తే నడుస్తుంది. అతికించే ముందు ఎన్‌కోడ్ చెయ్యడం మాత్రం మరవకండి. లేకపోతే ఎర్రర్ మెసేజ్‌లో ఒక్క ఆంపర్‌శాండ్ ఉన్నా, దాని తర్వాతి భాగం గల్లంతే. "తెలుగు" అన్న మూడక్షరాలే యూటీఎఫ్-8లో 18 బైట్లు, ఎన్‌కోడ్ చేశాక 54 క్యారెక్టర్లు!

మనం రాసుకుంటే ఇంకో లాభం ఉంది. పేజీలో ఉండేది "బడిలో", నిఘంటువులో ఉండేది "బడి". ఆ చివరి "లో", "కి", "తో" కోసే లైన్లు ఎవరో చేర్చేదాకా ఆగక్కర్లేదు.

అన్నట్టు, మెనూ ఎవరు రాసినా సెలెక్ట్ చేసిందంతా బయటి సర్వరుకి పోతుంది. క్లయింట్ లాగ్‌లోంచి లైను మొత్తం సెలెక్ట్ చేసే ముందు, అందులో కస్టమర్ నంబరు ఉందేమో ఒకసారి చూసుకోండి. అది మాత్రం ఏ కోడూ మనకోసం చూడదు.

ఏమంటారు?