మెట్రో సరే, బస్టాపు మాటేమిటి?

గ్రేటర్ హైదరాబాద్ పాలకమండలి గడువు 2026 ఫిబ్రవరితో తీరింది. 150 డివిజన్లు పునర్విభజనలో 300 వార్డులయ్యాయి. ఎన్నికలు రాగానే మా సరూర్‌నగర్ గల్లీల్లో మెట్రో పొడిగింపు, కొత్త ఫ్లైఓవర్లు, ఉచిత ప్రయాణాల హామీలు మళ్ళీ మైకులెక్కుతాయి. ఆర్టీసీలో కండక్టరుగా చేసి రిటైరైనవాణ్ణి. తోటి ఓటర్లను ఒక్కటే కోరుతున్నాను. ఎవరి హామీ పెద్దదని పోల్చకండి. అది కార్పొరేటర్ చేయగలిగిన పనేనా అన్నది ముందు చూడండి.

2020 డిసెంబరు ఎన్నికలు గుర్తున్నాయి కదా. టీఆర్ఎస్ మెట్రో విస్తరణ గురించి చెప్పింది. బీజేపీ మహిళలకు సిటీ బస్సుల్లో, మెట్రోలో ఉచిత ప్రయాణమంది, 48 డివిజన్లు గెలిచింది. మా వైపు డివిజన్లు చాలావరకు ఆ పార్టీకే వెళ్ళాయి. అయినా ఆడవాళ్ళకు ఉచిత బస్సు వచ్చింది 2023 డిసెంబరు 9న, రాష్ట్రంలో ప్రభుత్వం మారాక, మహాలక్ష్మి పథకంతో. ఆర్టీసీ రాష్ట్ర ప్రభుత్వ సంస్థ. బస్సు టికెట్ ధర కార్పొరేషన్ సభలో తేలే విషయం కాదు. నాగోలు నుంచి ఎల్బీనగర్ మీదుగా శంషాబాద్ విమానాశ్రయానికి, ఎల్బీనగర్ నుంచి హయత్‌నగర్‌కు వేయాలనుకున్న మెట్రో దారులు కూడా రాష్ట్రం, కేంద్రం తేల్చుకోవాల్సినవే. లండన్‌లో నగర రవాణా సంస్థకు మేయరే అధ్యక్షుడు. అక్కడ బస్సు చార్జీల మీద మేయర్ అభ్యర్థిని నిలదీయవచ్చు. మన దగ్గర మేయర్‌కు ఆ అధికారం లేదు. కాబట్టి 'మెట్రో తెస్తా' అనే అభ్యర్థి కంటే 'మెట్రో కోసం అడుగుతా' అనే అభ్యర్థే నిజం చెబుతున్నట్టు.

మరి కార్పొరేషన్ చేతిలో ఏముంది? చాలా ఉంది. 74వ రాజ్యాంగ సవరణతో వచ్చిన పన్నెండో షెడ్యూలు ప్రకారం పట్టణ సంస్థలకు అప్పగించదగిన పనుల్లో రోడ్లు, వంతెనలు, వీధి దీపాలు, పార్కింగ్ స్థలాలు, బస్టాపులు ఉన్నాయి. బస్సు మీ ముందు ఆగేదాకా ఉన్న దారంతా ఈ పనుల్లోకే వస్తుంది.

ఆ దారి ఎలా ఉందో సాయంత్రం ఏడింటికి దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద నిలబడితే తెలుస్తుంది. బస్ బేలో ఆటోలుంటాయి. బస్సు రెండో లైన్‌లో ఆగుతుంది. కోచింగ్ సెంటర్ల పిల్లలు, కూరగాయల సంచులతో ఆడవాళ్ళు ఫుట్‌పాత్ దిగి, బండ్ల మధ్య నుంచి బస్సు దగ్గరికి పరుగెత్తుతారు. ఫుట్‌పాత్ అంచు పక్కనే బస్సు ఆగితే ఫుట్‌బోర్డు ఒక్క మెట్టు. రోడ్డు మీద నుంచి ఎక్కాలంటే పెద్దామె కడ్డీ పట్టుకుని మోకాలు పైకెత్తాలి, వెనక ఎవరో చేయి వేయాలి. డ్రైవర్‌కు 'రైట్' చెప్పేముందు నేను చూసుకున్నది ఆ రెండో కాలు పైకొచ్చిందా లేదా అనే. ఉచిత ప్రయాణం వచ్చాక బస్సెక్కే ఆడవాళ్ళు బాగా పెరిగారు. వాళ్ళకు నిలబడే చోటు కూడా పెరగాలి.

ఫుట్‌పాత్ మీద అడ్డంకులు లేని నడకదారి కనీసం 1.8 మీటర్లు ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణం. మన మెయిన్ రోడ్డు మీద ఆ వెడల్పు దొరికే చోట్లు తక్కువ. 'తోపుడు బండ్లు తీయించేస్తాం' అనే మాట పరిష్కారం కాదు. వాళ్ళూ మన ఓటర్లే. 2014 వీధి వ్యాపారుల చట్టం ప్రకారం అమ్ముకునే చోట్లను టౌన్ వెండింగ్ కమిటీతో మాట్లాడి గుర్తించాలి. ఆ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులే ఉండాలి. వాళ్ళకు చోటు చూపించే అభ్యర్థే పాదచారులకూ దారి ఇవ్వగలడు.

కార్పొరేటర్ చేతిలో నిధులెక్కడివని కొందరంటారు. నిధులు తక్కువన్నది నిజమే. కానీ బస్ బేలో గీతలు గీసి ఆటోలకు పక్కన స్టాండు చూపడానికి, గల్లీ దీపాలు వెలిగించడానికి ఫ్లైఓవర్ కట్టినంత డబ్బు అక్కర్లేదు. సభలో పట్టుబట్టే మనిషి, పోలీసులతో, ఆర్టీసీతో కలిసి కూర్చునే మనిషి కావాలి.

అందుకే మీ కాలనీ సంఘం సమావేశానికి ప్రతి అభ్యర్థినీ పిలిచి ఇవే ప్రశ్నలు అడగండి. మన వార్డులో నీడ లేని బస్టాపులు ఏవి, వాటిలో మొదట దేనికి షెల్టర్ వేయిస్తారు? మెట్రో మెట్ల నుంచి సరూర్‌నగర్ చెరువు వైపు కాలనీలకు రాత్రి నడిచే దారిలో దీపాలకు ఎవరు పూచీ? 2020 అక్టోబరు వానలకు చెరువు చుట్టుపక్కల మునిగిన రోడ్ల కోసం నాలా పని ఎంతవరకు చేయిస్తారు? గడ్డిఅన్నారం పాత పండ్ల మార్కెట్ స్థలంలో కడుతున్న టిమ్స్ ఆసుపత్రికి వచ్చే రోగులు బస్సు ఎక్కడ దిగాలి, రోడ్డు ఎలా దాటాలి? జవాబులు ఒకే కాగితం మీద పక్కపక్కన రాయించి, సంతకం చేయించి, నోటీసు బోర్డుకు అతికించండి. స్థలం పేరు, గడువు చెప్పినవాళ్ళకు మార్కులేయండి. చూద్దాం, చేద్దాం అన్నవాళ్ళకు వేయకండి.

2020లో ఓటేసింది 46 శాతం పైచిలుకే. బస్టాపులో నిలబడేవాళ్ళంతా పోలింగ్ బూత్‌కు వస్తే, బస్టాపు గురించి మాట్లాడక తప్పదని ఏ పార్టీకైనా అర్థమవుతుంది.