ఏడు సీట్లా... పదమూడా? బండి సైజులోనే ఉంది బతుకు లెక్క

దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట హాస్టళ్లలో ఉండి పోటీ పరీక్షలకు ప్రిపేరయ్యే వాళ్లలో చాలామందికి ఇంట్లోంచి ఒక మాట వినిపిస్తూనే ఉంటుంది. ‘నోటిఫికేషన్ల కోసం ఎన్నాళ్లని చూస్తావు? ఓ బండి తీసుకుని ట్రావెల్స్‌కు పెట్టుకోరాదూ?’ అని. ఎల్బీనగర్ చౌరస్తాలో నిలబడితే ఆ మాటలో తప్పేమీ కనిపించదు. విజయవాడ హైవే, సాగర్ రోడ్డు, మెట్రో రెడ్ లైన్ చివరి స్టేషన్ అన్నీ అక్కడే. సంక్రాంతి వచ్చిందంటే సగం నగరం ఆ దారినే ఊరికి పోతుంది. గిరాకీ ఉన్నమాట నిజం. అయితే ఏ సైజు బండి కొనాలన్న దగ్గరే చాలామంది లెక్క తప్పుతోంది. ‘పెద్ద బండి అయితే ఎక్కువ డబ్బులు’ అనుకుని అప్పు చేస్తే ఆ ఈఎంఐ ఐదేళ్లు వెంటాడుతుంది.

2024, 2025లలో వచ్చిన రెండు మార్పులు ఈ లెక్కను కదిలించాయి. ఒకటి జీఎస్టీ, రెండోది సుప్రీంకోర్టు తీర్పు. బండి కొనేవాళ్లకే కాదు, కరెంట్ అఫైర్స్ చదివేవాళ్లకు కూడా ఇవి ముఖ్యమైనవే.

పన్నుకు కొలత టేపు

2025 సెప్టెంబర్ 3న జరిగిన 56వ జీఎస్టీ కౌన్సిల్ సమావేశం వాహనాల పన్నును మార్చింది. కొత్త రేట్లు సెప్టెంబర్ 22 నుంచి అమల్లోకి వచ్చాయి. 4 మీటర్ల లోపు పొడవుండి, పెట్రోల్ ఇంజిన్ 1200 సీసీ లేదా డీజిల్ ఇంజిన్ 1500 సీసీ దాటకపోతే 18 శాతం. పొడవు గానీ ఇంజిన్ గానీ ఆ గీత దాటితే 40 శాతం. గతంలో ఈ పెద్ద కార్లపై సెస్‌తో కలిపి 43 నుంచి 50 శాతం దాకా ఉండేది. ఇప్పుడు సెస్ లేదు. ఎలక్ట్రిక్ వాహనాలకు మాత్రం పాత 5 శాతమే కొనసాగుతోంది.

ఉదాహరణకు పన్ను వేయకముందు ధర 8 లక్షల రూపాయలనుకుందాం. 18 శాతం అయితే 9.44 లక్షలు, 40 శాతం అయితే 11.20 లక్షలు. తేడా 1.76 లక్షలు. రోడ్ ట్యాక్స్, ఇన్సూరెన్స్ దీనికి అదనం.

దీన్ని ఏడు సీట్ల బండ్లకు అన్వయించి చూడండి. రెనో ట్రైబర్‌లో ఏడుగురు కూర్చోవచ్చు. పొడవు 4 మీటర్ల లోపే, ఇంజిన్ 999 సీసీ. కాబట్టి 18 శాతం. ట్రావెల్స్‌లో ఎక్కువగా కనిపించే మారుతీ ఎర్టిగా పొడవు 4 మీటర్లకు పైనే, ఇంజిన్ 1462 సీసీ. రెండు విధాలా గీత దాటింది, అందుకే 40 శాతం. ఇన్నోవా క్రిస్టా కూడా 40 శాతంలోనే ఉంటుంది.

అసలు మెలిక ఇంకోటి ఉంది. డ్రైవర్‌తో కలిపి పది మంది, అంతకన్నా ఎక్కువ మంది కూర్చునే వాహనాలకు పన్ను 28 శాతం నుంచి 18 శాతానికి దిగింది. అంటే ఏడెనిమిది సీట్ల పెద్ద కారుకు 40 శాతం కడుతుంటే, పదమూడు సీట్ల టెంపో ట్రావెలర్‌కు 18 శాతమే. ఈ రెండింటి మధ్య తటపటాయించే వాళ్లను పన్ను విధానమే పెద్ద బండి వైపు నెడుతోంది. కానీ పన్ను తగ్గిందని బండి పెద్దది తీసుకుంటే రోజువారీ ఖర్చు కూడా పెద్దదే అవుతుంది.

సీట్లను బట్టే బండి తరగతి

మోటారు వాహనాల చట్టం 1988 ప్రకారం డ్రైవర్ కాకుండా ఆరుగురి వరకు ఎక్కించుకుంటే అది మోటార్ క్యాబ్. ఆరు దాటి పన్నెండు వరకు అయితే మాక్సీ క్యాబ్. అందుకే షోరూముల్లో ‘6 ప్లస్ 1’, ‘12 ప్లస్ 1’ అంటుంటారు. ఒకే మోడల్‌లో ఏడు సీట్ల రకం మోటార్ క్యాబ్ అయితే, ఎనిమిది సీట్ల రకం మాక్సీ క్యాబ్ అవుతుంది. ఒక్క సీటుతో తరగతే మారిపోతుంది. పన్ను, ఇన్సూరెన్స్ ప్రీమియం, ఆలిండియా టూరిస్ట్ పర్మిట్ ఫీజు కూడా సీట్లను బట్టి మెట్లు మెట్లుగా పెరుగుతాయి. అరుణాచలం, శబరిమల, తిరుపతి ట్రిప్పులు కొట్టాలనుకునే వాళ్లు ఈ పర్మిట్ ఖర్చును మొదటి రోజే లెక్కలో వేసుకోవాలి.

లైసెన్సు విషయంలో మాత్రం ఊరట దొరికింది. 2024 నవంబర్ 6న సుప్రీంకోర్టు ఐదుగురు సభ్యుల రాజ్యాంగ ధర్మాసనం బజాజ్ అలయన్జ్ వర్సెస్ రంభాదేవి కేసులో తీర్పు ఇచ్చింది. లైట్ మోటార్ వెహికల్ లైసెన్సు ఉన్నవాళ్లు 7,500 కిలోల స్థూల బరువు దాటని రవాణా వాహనాన్ని కూడా నడపొచ్చని, విడిగా ఎండార్స్‌మెంట్ అక్కర్లేదని చెప్పింది. 12 ప్లస్ 1 ట్రావెలర్ ఈ బరువు లోపే ఉంటుంది. అయితే రవాణా వాహనం నడపాలంటే 20 ఏళ్లు నిండాలని చట్టంలోని 4వ సెక్షన్ చెబుతోంది. డిగ్రీ మొదటి, రెండో ఏడాదిలో ఉన్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోవాలి.

లగేజీని ఎవరూ లెక్కపెట్టరు

‘సెవెన్ సీటర్’ అంటే ఏడుగురూ, వాళ్ల బ్యాగులూ పడతాయని కాదు. మూడో వరుస సీట్లు వేసి ఉంచితే ట్రైబర్‌లో మిగిలే డిక్కీ 84 లీటర్లు. ఎర్టిగాలో 209 లీటర్లు. ఇన్నోవా హైక్రాస్‌లో దాదాపు 300 లీటర్లు. ఒక పెద్ద సూట్‌కేసే సుమారు వంద లీటర్లు ఉంటుంది. ఎర్టిగా సీఎన్‌జీ తీసుకుంటే ఇంధనం కలిసొస్తుంది కానీ డిక్కీలో ఎక్కువ చోటు సిలిండరే తినేస్తుంది. శంషాబాద్ ఎయిర్‌పోర్టు ట్రిప్పులకు ఇది పెద్ద ఇబ్బంది. ఊళ్లో పెళ్లికో, సాగర్‌కో వెళ్లి సాయంత్రానికి తిరిగొచ్చే వాళ్లకు డిక్కీతో పెద్దగా పని ఉండదు. కాబట్టి మీ కస్టమర్ ఎవరో తేలాకే బండి ఏదో తేల్చుకోవాలి.

దారి, పార్కింగ్ సంగతీ చూసుకోండి. ఫోర్స్ అర్బేనియాలో పొడవైన రకం ఏడు మీటర్లు ఉంటుంది. హైవే మీద హాయిగా పోతుంది గానీ కొత్తపేట, సరూర్‌నగర్ గల్లీల్లో తిప్పడం, రాత్రి పూట పెట్టుకోవడం అంత తేలిక కాదు. అద్దె పార్కింగ్ కావాలంటే అదీ నెలనెలా ఖర్చే. శ్రీశైలం ట్రిప్పులు ఒప్పుకునే వాళ్లు మన్ననూరు చెక్‌పోస్టును మరవొద్దు. అమ్రాబాద్ పులుల అభయారణ్యం కావడంతో రాత్రి 9 నుంచి ఉదయం 6 వరకు బండ్లను వదలరు. ఒక్క గంట లేటైతే ఆ రాత్రి అక్కడే.

ఖాళీ సీటుకూ కిస్తీ కట్టాలి

10 లక్షల అప్పు, 10 శాతం వడ్డీ, ఐదేళ్ల గడువు అనుకుంటే నెలకు ఈఎంఐ సుమారు 21,250 రూపాయలు. 20 లక్షలైతే సుమారు 42,500. నెలలో 12 రోజులు బండికి పని దొరికిందనుకోండి. చిన్న బండి ఒక్కో రోజు ఈఎంఐకే దాదాపు 1,770 సంపాదించాలి, పెద్దది 3,540. డీజిల్, టోల్, డ్రైవర్ బత్తా, టైర్లు, ఇన్సూరెన్స్ ఆ తర్వాతి మాట. ఆషాఢం, పుష్యమాసం వచ్చి పెళ్లిళ్లు ఆగిపోయి ఆ 12 రోజులు 6 అయితే? పెద్ద బండి రోజుకు 7,000 పైగా ఈఎంఐకే తేవాలి.

ఇక్కడే అసలు తేడా ఉంది. ఏడు సీట్ల బండికి పెద్ద ట్రిప్ లేని రోజున ఎయిర్‌పోర్టు డ్రాప్, ఆఫీసు పికప్ లాంటివి ఏవో దొరుకుతాయి. పదమూడు సీట్ల బండి పెద్ద గుంపు దొరికితేనే కదులుతుంది. ఏదైనా స్కూలు, కంపెనీ, ట్రావెల్స్ ఆఫీసు నుంచి నెలవారీ కాంట్రాక్టు చేతిలో ఉంటే పెద్ద బండి లాభమే. లేకపోతే మొదటి బండి చిన్నదే మేలు.

కారవాన్ మోజు

యూట్యూబ్ చూసి వ్యాన్‌లో మంచం, వంటగది పెట్టించి అద్దెకు ఇద్దామనుకునే కుర్రాళ్లూ పెరుగుతున్నారు. మనకు కారవాన్ అంటే సినిమా షూటింగుల దగ్గర కనిపించేదే. కేరళ మాత్రం 2021లోనే ‘కేరవాన్ కేరళ’ పేరుతో పర్యాటక విధానం తెచ్చింది. వ్యాపార ఆలోచనగా బాగానే ఉంది, కానీ నిబంధనలు చూడండి. చట్టంలోని 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్‌లో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదు. కారవాన్లకు ఏఐఎస్-124 అనే ప్రత్యేక ప్రమాణం ఉంది. డ్రైవర్ లేకుండా క్యాబ్‌లను అద్దెకివ్వాలంటే 1989 నాటి రెంట్-ఎ-క్యాబ్ స్కీమ్ కింద లైసెన్సుకు కనీసం 50 క్యాబ్‌లు ఉండాలి. ఒక్క బండితో అయ్యే పని కాదు.

భద్రత విషయంలో అయితే రాజీ అసలే వద్దు. 2025 అక్టోబర్ 24 తెల్లవారుజామున కర్నూలు జిల్లా చిన్నటేకూరు దగ్గర హైదరాబాద్ నుంచి బెంగళూరు వెళ్తున్న ప్రైవేటు బస్సు తగలబడి నిద్రలో ఉన్నవాళ్లు ప్రాణాలు కోల్పోయారు. పడుకునే చోటున్న ఏ బండిలోనైనా అత్యవసర ద్వారం, వైరింగ్, మంటలార్పే సిలిండర్ అన్నవి అలంకారాలు కావు. అనుమతి లేని మార్పులు చేస్తే ఇన్సూరెన్స్ క్లెయిమ్‌కూ ఇబ్బందే.

కొనేముందు ఇవి చేయండి

- కనీసం రెండు నెలలు వేరేవాళ్ల బండి నడపండి, లేదా ట్రావెల్స్ ఆఫీసులో బుకింగులు చూడండి. ఎంతమంది గుంపులు ఎక్కువగా అడుగుతున్నారో రాసుకోండి.
- నెలకు ఆరు రోజులే పని దొరికినా ఈఎంఐ కట్టగలరా? కట్టలేకపోతే ఆ సైజు మీది కాదు.
- సెకండ్ హ్యాండ్ అయితే ఫిట్‌నెస్, పర్మిట్, పెండింగ్ చలాన్లు, ఫైనాన్స్ ఎన్‌వోసీ చూసుకోండి. ఎనిమిదేళ్లు దాటిన రవాణా వాహనానికి ఫిట్‌నెస్ ఏటా చేయించాలి.
- వైట్ ప్లేట్ బండితో కిరాయి కొట్టొద్దు. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ కంపెనీ మొదట అడిగేది అదే.

ఇంట్లో వాళ్లు పొలం తాకట్టు పెట్టి అడ్వాన్సు కడతామంటే కాదనడం కష్టమే. అప్పుడు కూడా షోరూముకు వెళ్లేముందు ఈ లెక్కను కాగితం మీద వేసి వాళ్ల ముందు పెట్టండి. నెలాఖరుకు కిస్తీ కట్టగలిగే బండే మీకు సరైన సైజు.