మైకు మీ చేతికొచ్చిందా?

ఇప్పుడు పుట్టినరోజైనా, పెళ్ళికి ముందు సంగీత్ అయినా కరావోకే లేనిదే సందడి లేదు కదండీ! వాద్యాలు స్పీకర్లోంచి వస్తాయి, సాహిత్యం తెరమీద కనిపిస్తుంది. గొంతొక్కటే మనది. చిక్కంతా అక్కడే!

మొన్న ఓ పుట్టినరోజు విందులో ఒకాయన మైకందుకుని వరసగా నాలుగు పాటలు లాగించారు. ఆ తర్వాత ఒకమ్మాయిని అందరూ బతిమాలి లేపారు. తీరా చూస్తే ట్రాకు మగగొంతు శ్రుతిలో ఉంది. పల్లవి దగ్గరే గొంతు అందలేదు. వెనకనుంచి నవ్వులు. ఒకడు సెల్‌ఫోన్ పైకెత్తాడు. పాపం, చరణం రాకుండానే మైకు బల్లమీద పెట్టేసి కూర్చుంది. నవ్వినవాళ్ళలో ఈ రాసేవాడూ ఉన్నాడు సుమండీ!

ఇంటికొచ్చాక సిగ్గేసింది. ఎందుకంటారా? కరావోకే అంటే జపాను భాషలో ‘ఖాళీ ఆర్కెస్ట్రా’. కోబే నగరంలో బార్లలో వాయించే డైసుకే ఇనోవేని ఓ కంపెనీ యజమాని విహారయాత్రకు రమ్మన్నాడు, తను పాడితే పక్కన వాయించడానికి. వీలుపడక, ఆయన గొంతుకు సరిపడేలా వాయించి టేపు చేసి ఇచ్చాడు ఇనోవే. ఆ ఆలోచనే 1971లో యంత్రమైంది. అంటే ఇది పుట్టిందే గాయకుడు కాని మామూలు మనిషి కోసం! 2004లో ఇనోవేకి సరదా బహుమతి ‘ఇగ్ నోబెల్’ ఇచ్చారు. ఎందుకో తెలుసా? మనుషులు ఒకర్నొకరు ఓర్చుకోవడానికి కొత్త దారి చూపినందుకట!

కాబట్టి మిత్రులారా, ఒక పాట పాడి మైకు పక్కవారికివ్వండి. ‘శంకరాభరణం’ పాట ఎత్తుకుని స్వరాల దగ్గర చేతులెత్తేయకండి, బాలుగారి గొంతు బాలుగారిదే! యుగళగీతమైతే అవతలివారి చరణం అవతలివారికే వదలండి. పిలవందే గొంతు కలపకండి. మైకుని తట్టకండి. అడక్కుండా వీడియో తీయకండి. అన్నిటికన్నా ముఖ్యం, ఎవరైనా తడబడితే శ్రుతి మార్చే మీట నొక్కి, మళ్ళీ మొదట్నుంచి పాడమనండి. అపశ్రుతి ఐదు నిమిషాల్లో పోతుంది. నవ్విన నవ్వు మాత్రం ఏళ్ళతరబడి చెవిలో ఉంటుంది.

ఆ అమ్మాయి ఈసారి ఎక్కడైనా మైకు పట్టుకుంటే తొలి చప్పట్లు నావే. మరి మీవో?