వ్యాపారపు చిట్టాకు మూడు ప్రతులు



ఇంటిపట్టుననే యుండి ఊరగాయలు, పొడులు, అప్పడములు చేసి అమ్ముకొను ఒక సోదరి గతమాసమున ఈ శీర్షికకు జాబు వ్రాసిరి. "లెక్కలన్నియు కంప్యూటరులోనే వ్రాసికొనుచున్నాను. బేరములు ఫోనులోనే జరుగుచున్నవి. వీనిని జాగ్రత్తగా కాపాడుకొనుమని అందరును చెప్పుచున్నారు. నావంటి చిన్నవ్యాపారిని ఎవరు దోచుకొందురు? దోచుకొనుటకు నాయొద్ద ఏమున్నది?" అని వారి ప్రశ్న. కుట్టుపని చేయువారికిని, చీరలమ్మువారికిని, పిల్లలకు సంగీతము చెప్పువారికిని ఇట్టి సందేహము కలుగవచ్చును. కావున ఈ మాసము ఆ విషయమునే విచారింతము.

ఆ యంత్రములో ఏమున్నదో ముందుగా చూడుడు. ఎవరు ఎంత సరకు తీసికొనిరి, ఎవరు ఎంత బాకీయున్నారు, నూనెకొట్టువానికి మనమెంత ఈయవలయును, సంక్రాంతికి ముందుగనే బయానా ఇచ్చినవారెవరు, ఏ యింటికి కారము తగ్గించి పంపవలయును — ఇదియంతయు అందే యున్నది. పూర్వము షావుకార్లు చిట్టా ఆవర్జాలను ఇనుపపెట్టెలో పెట్టి తాళము వేసికొనెడివారు. రూపాయలతోపాటు పుస్తకములను కూడ ఆ పెట్టెలోనే యేల దాచిరి? పోయిన రూపాయలను మరల సంపాదించుకొనవచ్చును గాని, ఎవరినుండి ఎంత రావలయునో తెలియనిచో రాదగిన రూపాయలును రావు గనుక. నేడును అంతియే. కంప్యూటరు చెడినయెడల బజారునకుపోయి మరియొకటి తెచ్చుకొనవచ్చును. దానిలోని చిట్టా ఏ బజారునను దొరకదు.

నష్టమనగానే దొంగయే మనసునకు వచ్చును. కాని చిట్టా పోవుటకు దొంగ రానక్కరలేదు. హార్డ్ డిస్కు ఒకనాడు చెప్పకుండ ఆగిపోవును. పసివాడు నీళ్లచెంబు ఒలికించును. ఫోను బస్సులో జారిపోవును. తొందరలో మనచేతనే తప్పుమీట నొక్కబడును. మా వీథిలో కుట్టుపని చేయు ఒకామెకు శ్రావణమాసమునకు ముందర ఇట్లే డిస్కు పోయినది. రవికెల కొలతలును, బయానాల లెక్కయును అందే యుండెను. బట్టలు బీరువాలో భద్రముగనే యున్నవి. ఏ బట్ట ఎవరిదో, ఎవరెంత ఇచ్చిరో తెలియలేదు. ఆమె ఇంటింటికిపోయి కొలతలు మరల తీసికొనెను. ఎవరెంత బయానా ఇచ్చితిమన్న అంతయు ఒప్పుకొనెను. ఆ మాసము రాత్రులన్నియు కూర్చుండి కుట్టిన కుట్టునకు మిగిలినది ఏమియు లేదు.

దీనికి మందు మన పెద్దలకు తెలియనిది కాదు. తాటియాకు గ్రంథము చెదలకును, తేమకును, అగ్నికిని లోబడునది. అయినను శతాబ్దములనాటి కావ్యములు మనదాక వచ్చినవన్న, లేఖకులు ప్రతికి ప్రతి వ్రాసి వేరువేరు ఊళ్లలో, వేరువేరు ఇండ్లలో ఉంచుటచేతనే గదా! సి.పి. బ్రౌను దొర పండితులను కూర్చుకొని వేమన పద్యములకు అనేక ప్రతులు తెప్పించి, ఒకదానితో ఒకటి సరిచూపించి, 1829లో అచ్చువేయించెను. ఒక్క ప్రతియే యుండిన గ్రంథము ఆ యొక్క ఇల్లు కాలిన దానితోనే పోవును.

నేటి కంప్యూటరు నేర్పరులు చెప్పు సూత్రమును ఇదియే. పీటర్ క్రోగ్ అను అమెరికా ఫొటోగ్రాఫరు దీనిని "మూడు, రెండు, ఒకటి" అని తన పుస్తకము ద్వారా ప్రచారమునకు తెచ్చెను. ముఖ్యమైన దేదైనను మూడు ప్రతులుండవలయును. అవి రెండు విధములైన సాధనములపై నుండవలయును. అందొకటి ఇంటికి వెలుపల నుండవలయును. మనయింటికి దీనిని అన్వయించుకొందము. మొదటి ప్రతి కంప్యూటరులో నున్నదే. రెండవది విడిగా కొన్న చిన్న డిస్కులోనికి ఎక్కించునది. మూడవది ఇంటర్నెట్టులో క్లౌడు అనబడు చోట దాచునది. అది వలదనుకొన్నవారు మరియొక డిస్కునకు ఎక్కించి, పుట్టినింటిలోనో అక్కగారింటిలోనో బీరువాలో పెట్టించి, నెలకొకసారి మార్చుకొనవచ్చును.

ఇందు మూడు మెలకువలు కలవు. ఒకటి: ప్రతి తీసికొనుట కాగానే ఆ డిస్కును కంప్యూటరునుండి ఊడదీసి లోపల పెట్టవలయును. ఎల్లప్పుడును తగిలించియుంచినయెడల, కంప్యూటరునకు వచ్చిన రోగము దానికిని వచ్చును. రెండు: ఫోనులోనిది దానంతటదియే క్లౌడునకు పోవుచున్నదని నిశ్చింతగా నుండరాదు. అట్టి ఏర్పాటులు కొన్నింటిలో ఇక్కడ చెరిపినది అక్కడను చెరిగిపోవును. అది అద్దములోని నీడవంటిది. వస్తువు తొలగిన నీడయు తొలగును. కావున పోయిన వారపు ప్రతిని చెరపక, ఈ వారపుదానిని వేరుగా నుంచవలయును. మూడు: తీసిన ప్రతిని నెలకొకసారి తెరచి చూడవలయును. తెరచి చూడని ప్రతి, మూత తీసి చూడని ఊరగాయ జాడివంటిది. లోపల బూజు పట్టినదో లేదో వడ్డించునాటికి గాని తెలియదు.

ఈ మూడవ మెలకువకు ఒక చక్కని దృష్టాంతము కలదు. 1998లో అమెరికాలోని పిక్సార్ అను సంస్థవారు "టాయ్ స్టోరీ 2" అను బొమ్మల సినిమాను తీయుచుండిరి. ఒకనాడు ఎవరో పొరపాటున ఇచ్చిన ఒక ఆజ్ఞచేత ఆ సినిమాలోని బొమ్మలును, దృశ్యములును వరుసగా చెరిగిపోసాగెను. భయమేల, ప్రతి యున్నదిగదా యని తెరచి చూడగా, ఆ ప్రతులు కొంతకాలమునుండి సరిగా పడుట లేదని అప్పుడు తెలిసెను. ఆ సంస్థలో గేలిన్ సుస్మన్ అను సాంకేతికాధికారిణి యుండెను. ఆమెకు పసిబిడ్డ యున్నందున ఇంటినుండియే పనిచేయుటకు ఒక కంప్యూటరును ఇంట నుంచుకొని, సినిమా ప్రతిని అందు ఎక్కించుకొనెడిది. ఆ యంత్రమును దుప్పట్లలో చుట్టి, కారులో పెట్టుకొని, కుదుపు తగులకుండ నెమ్మదిగా కార్యాలయమునకు తీసికొనిపోయిరి. పోయినదానిలో అధికభాగము దానివలన దక్కినది. అంత గొప్ప సంస్థకు దిక్కైనది ఒక బాలింత ఇంటిలోని ప్రతియే!

ఇక దొంగల సంగతి. "నన్నెవరు దోచుకొందురు?" అను మాటలో ఒక భ్రమ యున్నది. వీథిదొంగ మేడను చూచి వచ్చును. కంప్యూటరు దొంగ ఎవరిని ఎంచి రాడు. వాడు వదలిన ప్రోగ్రాము లోకమందలి తలుపులన్నిటిని వరుసగా తట్టిచూచుచు, గడియ వేయని ఇంటిలో దూరును. 2017 మే 12వ తేదీన బయలుదేరిన వన్నాక్రై అనునది కంప్యూటరులోని కాగితములన్నిటిని ఎవరును చదువలేని గుప్తలిపిలోనికి మార్చి, సొమ్మిచ్చిన గాని విప్పనని తెరపై వ్రాయుచుండెను. కొలదిదినములలో 150 దేశములలో 2 లక్షలకు పైబడిన కంప్యూటర్లు దాని పాలబడెను. ఇంగ్లండులోని ఆసుపత్రులలో చికిత్సలు ఆగినవి. మన ఆంధ్రప్రదేశ్ లోని కొన్ని పోలీసు కార్యాలయముల యంత్రములు సైతము బిగిసిపోయినవి. సొమ్మిచ్చినను కాగితములు తిరిగివచ్చునను నమ్మకము లేదు. విడిగా ప్రతియున్నవారు మాత్రము యంత్రమును శుభ్రపరచి మరల పని సాగించుకొనిరి.

ఇందు గమనింపదగిన దొకటి యున్నది. ఆ రోగము ప్రవేశించు సందును పూడ్చు సవరణను మైక్రోసాఫ్టు సంస్థ అదే సంవత్సరము మార్చి 14వ తేదీననే విడుదల చేసెను. దానిని వేసికొనినవారి తలుపు అప్పటికే మూయబడియున్నది. "అప్‌డేటు చేయుదునా?" అని యంత్రమడిగినప్పుడు "తరువాత" అను మీటను నొక్కుచు పోయినవారే చిక్కుకొనిరి. కావున అది అడిగిన నాటిరాత్రియే సరే యనుడు. మీ కంప్యూటరులో విండోస్ 10 ఉన్నయెడల, దానికి సాధారణముగా వచ్చు సవరణలు 2025 అక్టోబరు 14తో ముగిసినవని తెలిసికొనుడు. నేర్పరులకు చూపించి క్రొత్తదానికి మార్పించుకొనుట మంచిది.

ఇప్పుడు తాళపుచెవుల మాట. ఇల్లాలి నడుమున నుండు తాళపుచెవుల గుత్తి పూర్వము గృహాధికారమునకు గురుతు. నేడు వ్యాపారము చేయు స్త్రీల ఇండ్లలో నేను తరచుగా చూచుచున్నది వేరు. ఆవకాయ కలిపినదామె, పేరు తెచ్చుకొన్నదామె, కాని ఈమెయిలు మేనల్లుడు తెరచెను, పాస్‌వర్డు అతనికే తెలియును, అతడు ఉద్యోగమునకై అమెరికాకు పోయెను. బ్యాంకునకు ఇచ్చిన ఫోనుసంఖ్య భర్త పేరనో మరిది పేరనో యున్నది. వారు మంచివారే కావచ్చును. అయినను తన సంపాదన పెట్టెకు తనయొద్ద తాళపుచెవి లేని స్త్రీ ఆ పెట్టెకు కావలిదియే గాని యజమానురాలు కాదు. స్త్రీధనమును గూర్చి అంత విస్తరించి వ్రాసిన మన ధర్మశాస్త్రకారులు, ధనము ఎవరి అధికారములో నుండునను విషయమును గూర్చియు చెప్పిరిగదా! కావున నేడే కూర్చుండి, వ్యాపారమునకు సంబంధించిన ఈమెయిలు, బ్యాంకు ఖాతా, ఫోనుసంఖ్య ఎవరి పేరనున్నవో వ్రాసికొనుడు. మీ పేర లేనివానిని మీ పేరకు మార్పించుకొనుడు. ఇది అనుమానము కాదు, మర్యాదతో అడుగదగిన హక్కు.

పాస్‌వర్డు పొడవుగా నుండవలయును. ఒకదానితో ఒకటి పొందిక లేని నాలుగైదు మాటలు చేర్చిన చాలును. మనకు జ్ఞాపకముండును, ఇతరుల ఊహకు అందదు. పిల్లల పేర్లు, పుట్టినతేదీలు, అందరికి నోటికివచ్చిన పద్యపాదములు పనికిరావు. నెలనెల మార్చవలయునను పాత నియమమును అమెరికాలోని ప్రమాణముల సంస్థయే 2017లో విడిచినది. బయటపడినదని తోచినప్పుడు మార్చిన చాలును. ఒకే చెవి అన్ని తాళములకును పెట్టరాదు. ముఖ్యముగా ఈమెయిలుది వేరుగా నుండవలయును. ఏలయన తక్కినవాని చెవులు పోయినయెడల క్రొత్తవి ఆ త్రోవనే వచ్చును. పాస్‌వర్డుతోపాటు ఫోనునకు వచ్చు రెండవ ఆనవాలును కూడ అడుగు ఏర్పాటున్నచోట దానిని తప్పక పెట్టుకొనుడు. ఇన్ని జ్ఞాపకముండవనువారు ఒక చిన్నపుస్తకమున వ్రాసి బీరువాలో పెట్టి తాళము వేయవచ్చును. దూరదేశపు దొంగ మీ బీరువాను తెరువలేడు. కాని ఆ పుస్తకమును ఫొటో తీసి ఫోనులో నుంచకుడు. పనికి వచ్చు అమ్మాయికి లెక్కలు వ్రాయు పని ఒప్పగించినయెడల, మీ చెవినీయక ఆమెకు వేరుగా ఒక ఖాతా తెరచి ఇండు. ఆమె పని మానిననాడు ఆ ఒక్కటి మూసిన చాలును. మాటపడవలసిన అగత్యము ఆమెకును లేదు.

గుమ్మమువద్దకు వచ్చు మోసములలో ముఖ్యమైన రెండింటిని చెప్పెదను. మొదటిది: "మా సైనికుల భోజనశాలకు నలుబది కిలోల ఆవకాయ కావలయును, సొమ్ము పంపుచున్నాను, ఈ క్యూఆర్ గుర్తును ఫోనుతో చూచి పిన్ను నొక్కుడు" అని ఒకడు పలుకును. యూపీఐలో సొమ్ము పుచ్చుకొనుటకు పిన్ను ఎన్నడును అక్కరలేదు; ఇచ్చుటకే కావలయును. ఈ యొక్క వాక్యమును ఇంటిల్లిపాదికి నేర్పుడు. సొమ్ము పంపితినని వాడు చూపు ఫొటోను నమ్మక, మీ ఖాతాలో పడినదో లేదో చూచిన పిమ్మటనే సరకు పంపుడు. రెండవది: పెండ్లిశుభలేఖయనియు, ట్రాఫిక్ చలానాయనియు వాట్సాప్ లో ఒక ఫైలు వచ్చును. దాని పేరు చివర ఏపీకే అను అక్షరములున్నచో అది శుభలేఖ కాదు, మీ ఫోనులో కాపురముండ వచ్చిన ప్రోగ్రాము. తాకవలదు. పంపినవారు బంధువులైనను సరే. వారి ఫోనే ముందుగా దొంగచేతిలో పడియుండవచ్చును.

ఎంత జాగ్రత్తగా నున్నను ఒకనాడు మోసము జరుగవచ్చును. అప్పుడు సిగ్గుపడి, ఇంటిలో ఏమందురోయని దాచుటయే గొప్పనష్టము. తెలిసిన క్షణముననే 1930 సంఖ్యకు ఫోను చేసి చెప్పుడు, బ్యాంకునకును చెప్పుడు. సొమ్ము ఇంకను ఖాతాలవెంట ప్రయాణములో నుండగనే దానిని నిలుపుటకు వీలుండును. గంటలు గడచినకొలది ఆ వీలు సన్నగిల్లును. ఫోనే పోయినయెడల సిమ్ము ఆపించి, పోలీసులకు చెప్పి, ప్రభుత్వమువారి సంచార్ సాథీ ద్వారా ఆ ఫోను మన దేశములోని ఏ నెట్‌వర్కులోను పనిచేయకుండ చేయింపవచ్చును.

చివరగా ఒక్క మాట. మన చిట్టాలో మన సొత్తు మాత్రమే లేదు. మనలను నమ్మి సరకు కొన్న స్త్రీల పేర్లు, ఇంటి చిరునామాలు, ఫోనుసంఖ్యలు అందున్నవి. ఎందరో వ్యాపారులు కొనువారినందరిని ఒకే వాట్సాప్ గుంపులో చేర్తురు. అప్పుడు ఒక యింటి కోడలి ఫోనుసంఖ్య ముక్కుమొగమెరుగని రెండువందలమందికి కనబడును. గుంపునకు బదులు బ్రాడ్‌కాస్ట్ అను ఏర్పాటున్నది. దానివలన ఎవరి కబురు వారికే చేరును. ఇతరుల వివరములను జాగ్రత్తగా నుంచవలసిన బాధ్యతను గూర్చి మన పార్లమెంటు 2023లో ఒక చట్టమును కూడ చేసినది. చట్టము మాట అట్లుంచి, మన గడప తొక్కినవారి గుట్టు కాపాడుట మన యింటి మర్యాద. అక్కరలేని వివరములను అడుగవలదు. అక్కర తీరినవానిని చెరిపివేయుడు.

జాబు వ్రాసిన సోదరికిని, అట్టి సందేహమే కల తక్కిన సోదరీమణులకును నా మనవి యిది. ఇల్లు కడిగి శుభ్రపరచుకొను శుక్రవారముననే ఒక గంట దీనికిని కేటాయింపుడు. మొదటివారము ఒక డిస్కు కొని ప్రతి తీయుడు. రెండవవారము పాస్‌వర్డులు మార్చుకొనుడు. మూడవవారము ఏది ఎవరి పేరనున్నదో విచారింపుడు. నాలుగవవారము తీసిన ప్రతిని తెరచి, పోయిన నెలలో ఏదో యొకనాటి లెక్కను అందులో వెదకి చూడుడు. అది కనబడినయెడల మీ చిట్టా నిలిచినట్లే.